ఆ బండి మీద కాలు కింద పెట్టకూడదు

మా నాన్నకి సగం నిజమే చెప్పి బయల్దేరదీశాను. ‘‘కొండల్లోకి పోతున్నాం నాన్నా, బండి మీద తిప్పుతారు’’ అన్నాను. ఏ బండో చెప్పలేదు. ఎవరు తోలతారో అసలే చెప్పలేదు.

మేం ఎడిన్‌బరాలో ఉంటాం. గత ఆగస్టు నాటికి అమ్మా నాన్నా వచ్చి రెండు నెలలైంది. పల్నాడులో తెల్లారకముందే చేలో ఉండే మనిషి, ఇక్కడ మూడో అంతస్తు కిటికీ దగ్గర కూర్చుని వచ్చే పోయే బస్సులు లెక్కపెట్టేవాడు. మీ ఇళ్లకి అమ్మానాన్నలు వచ్చినప్పుడు ఆ కుర్చీ ఎక్కడ ఉంటుందో మీకూ తెలిసే ఉంటుంది. మా అమ్మాయికి 14 ఏళ్లు. క్లాసులో ఎవరో పుట్టినరోజుకి క్వాడ్ బైక్ టూర్‌కి వెళ్లొచ్చారట. ఇక రెండు నెలలు అదే పాట. ఉత్తరాన కెయిర్న్‌గామ్స్ కొండల్లో, ఆవీమోర్ ఊరికి దగ్గర్లో ఒక టూర్ బుక్ చేశాను. గంటన్నర, ముందు గైడ్, వెనక వరసగా మనం.

నాన్నకి చెప్పకపోవడానికి కారణం బాబాయి.

1996 మార్చి. నాకు 11 ఏళ్లు. బాబాయి మిర్చి టిక్కీల లోడుతో సాగర్ కాలవ కట్ట మీద వస్తుంటే ట్రక్కు పక్కకి ఒరిగింది, దాంతోపాటు ట్రాక్టర్ తిరగబడింది. బాబాయి దాని కింద ఉండిపోయాడు. అప్పటికి మా తమ్ముడికి, అంటే బాబాయి కొడుక్కి, రెండేళ్లు నిండలేదు. నెల తిరక్కుండా నాన్న ఆ ట్రాక్టర్ అమ్మేశాడు. ఆ తర్వాత మా ఇంట్లో దుక్కికైనా, గొర్రుకైనా కిరాయి బండే. నా ఈడు పిల్లలంతా మడ్‌గార్డు మీద కూర్చుని ఊరంతా తిరిగేవాళ్లు. నన్ను దాన్ని ముట్టుకోనిచ్చేవాడు కాదు. ఆ రోజు అసలేం జరిగిందని నేను ఎప్పుడూ అడగలేదు. ఆయన ఎప్పుడూ చెప్పలేదు.

అలాంటి మనిషిని, మనవరాలు నాలుగు చక్రాల బండి మీద కొండెక్కుతుంటే చూడమని తీసుకెళ్తున్నాను. ఎందుకంటే ఆయన్ని ఇంట్లో వదిలేసి వెళ్లడానికి మనసొప్పలేదు. పిల్లకి వద్దని చెప్పడానికీ నోరు రాలేదు.

ముందు రోజు రాత్రి మాత్రం ఒక మంచి పని చేశాను. నాన్న ట్రావెల్ ఇన్సూరెన్స్ కాగితాలు తీసి చదివాను. మన దగ్గర విమానం ఎక్కేముందు ఏజెంటు చేతిలో పెట్టే పాలసీయే. చిన్న అక్షరాల్లో సాహస క్రీడలకి వర్తించదని ఉంది. క్వాడ్ బైక్ అన్న మాట ఎక్కడా లేదు. హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేస్తే, నడిపినా, వెనక కూర్చున్నా అది సాహస క్రీడే, ఒక్క రూపాయి రాదన్నారు. మామూలు జీపులో ప్రయాణికుడిగా కూర్చుంటేనో అంటే, దానికి అభ్యంతరం లేదన్నారు. ఆ మాట మెయిల్లో పెట్టమన్నాను. పెట్టారు. విజిటర్ వీసా మీద వచ్చినవాళ్లకి ఇక్కడ ఎమర్జెన్సీలో చూడటం వరకూ సరే కానీ, ఆస్పత్రిలో చేర్చుకుంటే బిల్లు మన నెత్తినే పడుతుంది. తొడ ఎముక విరిగితే ఆ బిల్లు ఎంతవుతుందో లెక్క వేసుకోవడం కంటే ఫోన్‌లో అరగంట పాట వింటూ ఎదురుచూడటం నయం. టూర్ వాళ్లని అడిగితే, పనిముట్లతో వెనకే ఒక ల్యాండ్ రోవర్ వస్తుంది, మీ నాన్నగారు అందులో కూర్చోవచ్చన్నారు.

ఎడిన్‌బరా నుంచి ఏ9 రోడ్డు మీద రెండున్నర, మూడు గంటల ప్రయాణం. పెర్త్ దాటాక కొండలు దగ్గరికొస్తాయి. ఆగస్టు కాబట్టి హెదర్ పూసి వాలులన్నీ వంకాయ రంగులో ఉన్నాయి. ‘‘ఇంత నేలుంది, ఒక్క చేనూ లేదేందిరా?’’ అన్నాడు నాన్న. కింద పీట్ అనే నల్లటి నాచు నేల నాన్నా, పంట పండదు, గొర్రెలకీ జింకలకీ తప్ప పనికిరాదన్నాను. ‘‘చౌడు లాంటిదన్నమాట’’ అని తనే తేల్చుకున్నాడు.

కెయిర్న్‌గామ్స్ బ్రిటన్‌లోకెల్లా పెద్ద నేషనల్ పార్క్. 2003లో ఏర్పడింది. 4,528 చదరపు కిలోమీటర్లు. బ్రిటన్‌లో అన్నిటికన్నా ఎత్తైన అయిదు శిఖరాల్లో నాలుగు ఇక్కడే ఉన్నాయి. మన తూర్పు కనుమలతో పోలిస్తే ఎత్తు మరీ ఎక్కువేం కాదు. బెన్ మక్‌డూయీ 1,309 మీటర్లే. కానీ గాలీ, చలీ వేరే లెక్క. ఇక్కడ 1952లో స్వీడన్ నుంచి తెచ్చి వదిలిన రెయిన్‌డీర్ల మంద ఇప్పటికీ తిరుగుతోంది. అమ్మనీ మా ఆవిడనీ వాటిని చూసి రమ్మని గ్లెన్‌మోర్‌లో దింపేసి, మేం ముగ్గురం టూర్ చోటికి పోయాం.

షెడ్డు దగ్గర మూడు ప్రశ్నలు

షెడ్డు ముందు అయిదు క్వాడ్ బైకులు కడిగి వరసగా పెట్టి ఉన్నాయి. మోటార్ సైకిల్ హ్యాండిలు, చిన్న ట్రాక్టర్ టైర్లు, మధ్యలో గేదె వీపంత సీటు. నాన్న కారు దిగి వాటిని చూశాడు, నన్ను చూశాడు. ఏమీ అనలేదు. నేరుగా వెళ్లి ఒక బండి చుట్టూ తిరిగాడు. టైరుని బొటనవేలితో నొక్కాడు. అది లోపలికి పోయింది.

‘‘గాలి లేదేంది దీంట్లో?’’

గైడ్ అప్పుడే బయటికొచ్చాడు. యాభై దాటిన మనిషి, మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు. నాన్న అడిగింది చెప్పాను. కారు టైర్లో 30 పీఎస్ఐ పైన ఉంటే వీటిలో అయిదారుకి మించదట. ఆ మెత్తదనమే బురదలో, రాళ్ల మీద పట్టు ఇస్తుంది. అంత తక్కువ గాలి కాబట్టి ఒక టైరులో ఒక్క పాయింటు తేడా వచ్చినా బండి ఒక పక్కకి లాగుతుంది. అందుకే రోజూ పొద్దున నాలుగు చక్రాలూ కొలుస్తామని చెప్పి, జేబులోంచి గేజు తీసి నాన్న చేతిలో పెట్టాడు. నాన్న దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

అప్పుడు అడిగాడు మొదటి ప్రశ్న. ‘‘ఇది తిరగబడితే మనిషి ఎటు పడతాడో అడుగు.’’

నాకు సిగ్గేసింది. పక్కనే హెల్మెట్లు పెట్టుకుంటున్న ఇద్దరు కుర్రాళ్లున్నారు. సరదాగా వచ్చిన చోట ఇదేం ప్రశ్న? కానీ అడిగాను. గైడ్ నవ్వలేదు. ఇది 250 నుంచి 300 కిలోలుంటుంది, నెత్తిన చట్రం లేదు, బెల్టు లేదు, పడితే బండి కిందికి మనం పోకుండా చూసుకోవడమే అన్నాడు. వాలుకి అడ్డంగా పోయేటప్పుడు ఒళ్లు పైవైపుకి వంచాలి. చేజారిపోయిందనిపిస్తే బండిని వదిలేసి పైవైపుకే దిగిపోవాలి, కిందివైపుకి ఎప్పుడూ కాదు. అసలు అంత దాకా రాకుండా చూడటానికే నేనున్నాను అన్నాడు. (ఆస్ట్రేలియాలో ఉన్న మనవాళ్లకి తెలిసే ఉంటుంది. అక్కడ 2021 అక్టోబరు నుంచి పొలాల్లో వాడే కొత్త క్వాడ్‌లకి వెనక రక్షణ చట్రం లేకుండా అమ్మకూడదు. బ్రిటన్‌లో అలాంటి నిబంధన లేదు.)

రెండో ప్రశ్న: ‘‘ఇవాళ పొద్దున ఆ దారి ఎవరన్నా చూసొచ్చారా?’’

గైడ్ కాసేపు నాన్న మొహంలోకి చూసి, ఏడు గంటలకి నేనే వెళ్లొచ్చానన్నాడు. రాత్రి వానకి పై వాగు పెరిగింది, కాబట్టి ఇవాళ వాగు దాటే ముక్క లేదు, కింది దారిలోనే రెండు చుట్లు అన్నాడు. ఆ ఇద్దరు కుర్రాళ్లు ఉసూరుమన్నారు. వాగు దాటే వీడియో చూసే బుక్ చేశారట. కావాలంటే డబ్బు వెనక్కి తీసుకోండి, వాగు మాత్రం లేదన్నాడు.

మూడోది మా అమ్మాయి గురించి. ‘‘పిల్ల తోలలేకపోతే?’’

‘‘ముందు ఈ గడ్డి మైదానంలో తోలుతుంది. నాకు నచ్చకపోతే కొండెక్కదు. వాళ్ల నాన్నకి నచ్చినా సరే.’’

నేను తర్జుమా చేసేలోపు మా అమ్మాయే ‘‘తాతయ్యా, నేను బాగా తోలకపోతే ఆపేస్తారంట’’ అని చెప్పేసింది. నాన్న తలూపాడు. వెళ్లి ల్యాండ్ రోవర్ తలుపు తీసుకుని ముందు సీట్లో కూర్చున్నాడు.

ఆ రోజు నాకు తలవంపుగా అనిపించిన ఆ ప్రశ్నలే ఎవరైనా అడగాల్సినవని ఇంటికొచ్చాక చదివితే తెలిసింది. బ్రిటన్‌లో 18 ఏళ్లలోపు పిల్లలతో సాహస కార్యక్రమాలు నడపాలంటే ప్రత్యేక లైసెన్సు ఉండాలనే చట్టం ఉంది. కానీ అది కొండలెక్కడం, గుహలు, నీటి ఆటలు, కొండల్లో నడక లాంటి వాటికే. క్వాడ్ బైక్ ఆ జాబితాలో లేదు. అంటే గోడ మీద ఫ్రేము కట్టిన లైసెన్సు కోసం వెతికి లాభం లేదు, మనమే అడిగి తెలుసుకోవాలి. వయసు విషయం కూడా అంతే. పొలం పనుల్లో 13 ఏళ్లలోపు పిల్లలు క్వాడ్ నడపకూడదని ఇక్కడి రూలు. టూర్లలో ఎవరి హద్దు వాళ్లది. మేం వెళ్లిన చోట 12. అమెరికాలో పిల్లల డాక్టర్ల సంఘం అయితే 16 నిండేదాకా అసలు వద్దనే చెబుతోంది. అది తెలిసి ఉంటే నేను బుక్ చేసేవాణ్నా? చేసేవాణ్నేమో. కానీ ముందు ఇంకో రెండు ఫోన్లు చేసేవాణ్ని.

షెడ్డులో ఒక ఫారం మీద సంతకం పెట్టించుకున్నారు. అలా పెట్టేశాక ఏం జరిగినా మన ఖర్మే అనుకుంటాం మనం. ఇక్కడి చట్టం అలా లేదు. తమ నిర్లక్ష్యం వల్ల ప్రాణం పోయినా, దెబ్బ తగిలినా ఆ బాధ్యతని ఏ వ్యాపారీ కాగితం రాయించుకుని వదిలించుకోలేడు. అమెరికాలో మాత్రం రాష్ట్రానికో తీరు. అక్కడ సంతకం పెట్టేముందు చదవండి.

గడ్డి మైదానంలో

అరగంట పాఠం. నాకు మోటార్ సైకిల్ పాతికేళ్ల అలవాటు. నరసరావుపేట కాలేజీ రోజుల్లో మొదలై హైదరాబాద్ ట్రాఫిక్‌లో ముదిరింది. నాకు పాఠం ఎందుకనుకున్నాను.

మొదట తేడా కొట్టింది ఆక్సిలరేటర్. తిప్పేది కాదు, కుడి బొటనవేలితో నొక్కేది. భయమేసి హ్యాండిలు గట్టిగా పట్టుకుంటే వేలు ఇంకా నొక్కుకుపోతుంది, బండి ఇంకా ఉరుకుతుంది. అందుకే భయమేసినప్పుడు ముందు వేలు ఎత్తడం నేర్చుకోవాలన్నాడు. తర్వాత మలుపులు. మోటార్ సైకిల్ అయితే బండే వంగుతుంది. ఇది వంగదు. ఒళ్లు మనమే లోపలివైపుకి తేవాలి. వెనక రెండు చక్రాలూ ఒకే ఇరుసు మీద కలిసి తిరుగుతాయి కాబట్టి హ్యాండిలు ఎంత తిప్పినా కాసేపు నేరుగానే పోతానంటుంది. సీటు అంత పొడుగ్గా ఉంది కదా, వెనక ఇంకొకరు కూర్చోవచ్చనుకుంటాం. అది రెండో మనిషి కోసం కాదట. ఎక్కేటప్పుడు ముందుకీ, దిగేటప్పుడు వెనక్కీ నడిపే మనిషి జరగడానికట. ఇద్దరు పిల్లల్నీ భార్యనీ స్కూటరెక్కించుకుని సినిమాకి పోయే దేశం నుంచి వచ్చినవాళ్లం, మనకి ఇది చెవికెక్కదు.

చివరిది ఆయన మూడుసార్లు చెప్పాడు. ‘‘కాళ్లు ఎప్పుడూ ఫుట్‌రెస్టుల మీదే. బండి ఆగినా సరే. నాలుగు చక్రాలున్నాయి, అది పడిపోదు. కాలు కింద పెడితే వెనక చక్రం దాని మీదికెక్కుతుంది.’’ చెబుతూ ప్యాంటు పైకి లాగి పిక్క మీద పొడుగాటి మచ్చ చూపించాడు. చిన్నప్పుడు వాళ్ల నాన్న గొర్రెలు తోలే క్వాడ్ మీద తెచ్చుకున్నదట.

మా అమ్మాయికిచ్చిన బండి చిన్నది. ఆక్సిలరేటర్ దగ్గర ఒక స్క్రూ తిప్పి వేగం తగ్గించారు. తను ఆ మైదానంలో కోన్ల మధ్య నాలుగు చుట్లు తిరిగింది. చెప్పింది చెప్పినట్టు చేసింది. తనకి మరిచిపోవాల్సిన పాత అలవాటేదీ లేదు మరి. గైడ్ బొటనవేలు పైకెత్తి చూపించాడు. నాకు చూపించలేదు. ‘‘సరే’’ అన్నాడంతే.

ముందు గైడ్, వెనకే మా అమ్మాయి, తర్వాత నేను, తర్వాత ఆ ఇద్దరు కుర్రాళ్లు, చివర్న ల్యాండ్ రోవర్. అలా కదిలాం.

స్కాట్లండ్‌లో 2003 నాటి చట్టం ప్రకారం కొండలూ అడవులూ ఎవరివైనా సరే, బాధ్యతగా ఉన్నంతవరకు ఎవరైనా నడిచి పోవచ్చు. కానీ ఆ హక్కు కాళ్లకీ సైకిళ్లకీ గుర్రాలకీ మాత్రమే. మోటారు బండికి లేదు. అందుకే ఇక్కడ క్వాడ్ టూర్లన్నీ ఏదో ఒక ఎస్టేట్ భూమిలో, వాళ్లు ఒప్పుకున్న బాటల మీదే ఉంటాయి. చక్రం ఒక్కసారి బాట తప్పి పీట్‌లో దిగితే ఆ గాడి ఏళ్ల తరబడి పూడదట. గైడ్ మాటిమాటికీ వెనక్కి చూసి, గాడి తప్పితే చెయ్యెత్తేవాడు.

మొదట పైన్ చెట్ల మధ్య దారి. వేళ్లు పాముల్లా అడ్డం పడి ఉన్నాయి. వాటి మీద బండి ఎగురుతుంటే దంతాలు టకటకమన్నాయి. చెట్లు దాటాక హెదర్, ఎదురుగా మబ్బు కప్పుకున్న కెయిర్న్‌గామ్ కొండ. గంటకి 15 మైళ్లు కూడా మించలేదనుకుంటాను. కానీ ఆ ఎత్తుపల్లాల్లో అదే చాలా ఎక్కువనిపించింది. ఇంజన్ల చప్పుడులో పిట్ట కూత కూడా వినపడదు. కొండల్ని వినాలనుకునేవాళ్లు నడిచే పోవాలి. ఈ బండి అందుకు కాదు. ఎందుకంటే, మా అమ్మాయి భుజాలు చూస్తే తెలిసింది. బడిలో, ఇంట్లో ఎప్పుడూ కాస్త ముడుచుకుని ఉండే పిల్ల, ఆ సీటు మీద నిటారుగా, మలుపు రాకముందే ఒళ్లు జరుపుకుంటూ, నేనెప్పుడూ చూడని మనిషిలా ఉంది.

అలా తన్నే చూస్తూ పోతున్నాను. ముప్పావుగంట అయ్యాక ఒక గేటు వచ్చింది, ఎగువ వాలులో. గైడ్ దిగి గేటు తీస్తున్నాడు. అందరం ఆగాం. నేనూ ఆగాను, ఎడమ కాలు కింద పెట్టి. అమీర్‌పేట సిగ్నల్ దగ్గర పెట్టినట్టే. పెట్టానని కూడా నాకు తెలియదు. గైడ్ రమ్మని చెయ్యూపాడు. సిగ్నల్ పడగానే కాలు ఈడ్చుకుంటూ కదులుతాం చూడండి, అలాగే వేలు నొక్కాను.

‘‘కాలూ!’’

వెనక నుంచి నాన్న కేక. ఇంజన్ల మోతలో కూడా వినపడింది. అప్పటికే వెనక చక్రం నా మడమని పట్టుకుంది. కాలు వెనక్కి లాక్కుపోతోంది, ఒళ్లు ముందుకి పోతోంది. వేలు ఎత్తాను. అది ఎలా గుర్తొచ్చిందో తెలియదు. బండి నా బూటు మీద ఎక్కి ఆగింది.

గైడ్ పరుగెత్తుకొచ్చి, లాగొద్దు అని నన్ను పట్టుకుని, బండిని కొద్దిగా వెనక్కి నెట్టి కాలు విడిపించాడు. కింద నేల నాచు, టైరు మెత్తన, బూటు గట్టిది. మడమ మీద చర్మం లేచింది, చీలమండ వాచింది, అంతే. పాదం అటూ ఇటూ కదిలించి చూసి, ఎముకలు బాగానే ఉన్నాయన్నాడు. నేను లేచి, సారీ చెప్పి, మళ్లీ బండి ఎక్కబోయాను.

ఆయన తాళం తీసి జేబులో వేసుకున్నాడు. ‘‘ఇక్కడి నుంచి మీరు ల్యాండ్ రోవర్‌లో.’’

నాకు బాగానే ఉంది అన్నాను. డబ్బు కట్టింది నేను అని నోటిదాకా వచ్చింది. మా అమ్మాయి హెల్మెట్ లోంచి నన్నే చూస్తోంది, మొహం పాలిపోయింది. ఆ కుర్రాళ్లిద్దరూ పక్కకి చూస్తున్నారు. గైడ్ నాతో వాదించలేదు. నా బండిని గేటు పక్కన రాయి వారగా పెట్టేసి, మా అమ్మాయి దగ్గరికి వెళ్లి, నీకు పోవాలని ఉందా, వెనక్కి వెళ్దామా అని అడిగాడు. తను నావైపు చూడలేదు. ల్యాండ్ రోవర్ వైపు చూసింది. నాన్న అద్దంలోంచి చెయ్యూపాడు, పొమ్మని.

ల్యాండ్ రోవర్ వెనక సీట్లో

నేనెక్కగానే నాన్న ముందు సీటు దిగి వచ్చి నా పక్కన కూర్చున్నాడు. నా కాలు తన ఒళ్లో పెట్టుకుని బూటు విప్పాడు. నాకు 40 దాటాయి. బండి తోలే కుర్రాడికి మన భాష రాదు. ముందు మా అమ్మాయి వాలుకి అడ్డంగా పోతోంది, ఒళ్లు పైవైపుకి వంచి.

నాన్న ఆ పిల్ల మీంచి చూపు తిప్పకుండానే మొదలుపెట్టాడు.

‘‘ఆ రోజు పొద్దున అకాల వాన పడిందిరా. కల్లంలో టిక్కీలు తడిస్తే రంగు పోతయ్యి. సాయంత్రానికి యార్డుకి చేర్చాల. డొంక దారిలో మోకాటి లోతు బురద. కట్ట మీదనుంచి పొమ్మన్నా.’’

నేనేమీ అనలేదు.

‘‘వాడు అన్నాడు, కట్ట నానిందేమో అన్నాయ్, చూసొస్తా అని. టైము లేదు, పో, ఏం కాదులే అన్నా. నేనే అన్నా.’’

28 ఏళ్లకి పైగా మా నాన్న ట్రాక్టర్‌ని కోప్పడ్డాడని అనుకున్నాను. ఆయన ఊళ్లో ఎవరి పెళ్లికి పోయినా ఆ కట్ట మీదుగా కాక చుట్టూ తిరిగి ఎందుకు పోయేవాడో, పిన్ని ఇంటికి ఏటా మొదటి కోత డబ్బు ఎందుకు పంపేవాడో నాకు తెలుసనుకున్నాను.

‘‘ఇతను చూడు’’ అన్నాడు గైడ్ వైపు చెయ్యి చూపించి. ‘‘పొద్దున్నే పోయి చూసొచ్చాడు. వాగు పొంగింది, వద్దన్నాడు. నిన్నూ దింపేశాడు.’’ కాసేపాగి, ‘‘నీకు కోపంగా ఉందా?’’ అన్నాడు.

‘‘లేదు నాన్నా.’’

‘‘ఉంది. ఉంటే ఉండనియ్.’’

బండ్లు పైన చదునులో ఆగాయి. కిందికి చూస్తే లోయలో చెరువు, అంచునే పైన్ అడవి, అక్కడక్కడ ఎండ పడిన ముక్కలు. గాలి కాస్త ఆగగానే మిడ్జెస్ ముసిరాయి. ఇవి ఇక్కడి నుసుములు. మే నుంచి సెప్టెంబరు దాకా స్కాట్లండ్ కొండలకి వచ్చేవాళ్లు మొహానికి వల లేకుండా రావద్దు. నాన్న తువ్వాలు తలకి చుట్టుకుని, ‘‘మన చేలో వాటికంటే చిన్నవి, కాటు మాత్రం పెద్దది’’ అన్నాడు. మా అమ్మాయి హెల్మెట్ తీసి పరుగెత్తుకొచ్చి నా కాలు చూసింది. తర్వాత తాతయ్య చెయ్యి పట్టుకుని తన బండి దగ్గరికి లాక్కెళ్లి, ఎక్కడ ఏం నొక్కాలో అన్నీ చూపించింది. ‘‘ఒక్కసారి కూర్చో తాతయ్యా, ఇంజన్ ఆపేసే ఉంది, ఫొటో.’’ ఆయన సీటు మీద చెయ్యి వేశాడు గానీ ఎక్కలేదు. ఇద్దరూ బండికి చెరో పక్కన నిలబడి ఫొటో దిగారు. అదే ఇప్పుడు మా హాల్లో ఉంది.

దిగేటప్పుడు తక్కువ గేరు, బ్రేకు మీద ఆధారపడకూడదు, ఇంజనే బండిని పట్టి ఉంచాలి. ట్రాక్టర్ కూడా అంతే అన్నాడు నాన్న. మా అమ్మాయి ఒక్కచోట కూడా తొందరపడలేదు. షెడ్డు దగ్గర దిగాక గైడ్ నాన్న చేతికి ఆ టైరు గేజు ఇచ్చి, ఉంచుకోమన్నాడు. పాతది, గాజు మీద గీతలు పడ్డాయి. నాన్నకి ఇంగ్లీషులో ఏమనాలో తెలియక రెండు చేతులూ జోడించాడు. ఆయనా జోడించాడు. నాతో మాత్రం, ఇంటికెళ్లాక చీలమండకి ఐస్ పెట్టండి, రెండు రోజులకీ వాపు తగ్గకపోతే ఎక్స్‌రే తీయించండి అన్నాడు. నాలుగో రోజుకి తగ్గింది.

అమ్మనీ మా ఆవిడనీ ఎక్కించుకున్నాం. నేను కుంటడం చూసి ఏమైందని అమ్మ అడిగితే, ‘‘పిల్ల బాగా తోలింది’’ అని మాత్రం చెప్పాడు నాన్న. కారు మా ఆవిడ నడిపింది. రెయిన్‌డీరు తన కొంగు లాగిన కథ అమ్మ పెర్త్ దాకా చెబుతూనే ఉంది. మధ్యలో పెట్రోలు కోసం ఆగినప్పుడు నాన్న ఫోన్ అడిగాడు. మనకి సాయంత్రం అయిదు, అక్కడ రాత్రి తొమ్మిదిన్నర. తమ్ముడికి కలిపి ఇచ్చాను. వాడు నిరుడే సొంత ట్రాక్టర్ కొన్నాడు. కొన్నాడని విన్న రోజు నుంచి నాన్న వాడితో సరిగ్గా మాట్లాడలేదు.

నాన్న కారు దిగి కొంచెం దూరం పోయి నిలబడ్డాడు. గాలికి మాటలు ముక్కలు ముక్కలుగా వినపడుతున్నాయి.

‘‘...దానికి నెత్తిన చట్రం ఉందా? ...లేదా? ఎంతవుద్దో కనుక్కో, నేను ఇస్తా. ...కాదురా, ఇను. వాన పడ్డ తర్వాత కట్ట మీదికి ఎక్కించబాకు. ఎవురు పొమ్మన్నా సరే. ముందు నడిచి పోయి చూసుకో. ...ఆఁ, నేను పొమ్మన్నా సరే.’’

అవతల నుంచి వాడు ఏదో అడిగాడు. నాన్న ఫోన్ చెవికి ఆనించుకుని కొండల వైపు తిరిగాడు.

‘‘ఇక్కడా? గాలిరా. కొండల్లో ఉన్నాం. మీ అన్న కాలు కింద పెట్టాడు.’’